సముద్రంలో పగడపు తోట: గాలివాన తర్వాత మళ్లీ చిగురు

పగడం మనకు కొత్త కాదు. ఎర్రగా, నున్నగా ఉంటుంది. నల్లపూసల్లో కలిపి గుచ్చుకుంటాం. తాళిబొట్టు పక్కన వేసుకుంటాం. నవరత్నాల్లో ఒకటని పెద్దవాళ్లు చెబుతారు.

అయితే ఆ పగడం యాడ నుంచి వచ్చింది? గనిలో తవ్వారా? చెట్టుకు కాసిందా? రంగు వేసిన రాయా?

చాలామందికి తెలియదు. తెలుసుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. మన బతుకుకు పనికొచ్చే సంగతులు కూడా అందులో ఉన్నాయి.

చెట్టా? రాయా? ప్రాణా?

పగడం ప్రాణమున్న జీవి. కానీ చూస్తే చెట్టులా ఉంటుంది. ముట్టుకుంటే రాయిలా ఉంటుంది.

ఒక్కో పగడపు జీవి చాలా చిన్నది. చాలా రకాల్లో బియ్యపు గింజంత, కందిగింజంత మాత్రమే ఉంటుంది. మెత్తని ఒళ్లు. పైన ఒక నోరు. నోటి చుట్టూ సన్నని మీసాల లాంటి వేళ్లు. ఆ వేళ్లతో నీళ్లలో కొట్టుకొచ్చే పురుగుల్ని పట్టుకుని తింటుంది.

మెత్తని ఒంటికి కాపుదల కావాలి కదా! అందుకని అది నీళ్లలో ఉన్న సున్నాన్ని పీల్చుకుంటుంది. ఆ సున్నంతో తన కింద గట్టి గూడు కట్టుకుంటుంది. నత్త చిప్ప కట్టుకున్నట్టే ఇదీ.

ఒక జీవి పక్కన ఇంకొకటి పుడుతుంది. దాని పక్కన మరొకటి. లక్షలు, కోట్లు అవుతాయి. పాతవి చనిపోతాయి. వాటి సున్నపు గూళ్లు అలాగే మిగులుతాయి. వాటి మీద కొత్తవి కట్టుకుంటాయి. అట్లా వందల ఏళ్లు, వేల ఏళ్లు గడిస్తే సముద్రం అడుగున పెద్ద దిబ్బ లేస్తుంది. దాన్నే పగడపు దిబ్బ అంటారు.

మన నల్లపూసల్లోని ఎర్ర పగడం వేరే రకం. అది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువగా ఉండే చోట పెరుగుతుంది. 2 వేల ఏళ్ల కిందటే ఓడల్లో మన దేశానికి వచ్చేది. దిబ్బలు కట్టే పగడాలు దానికి దూరపు చుట్టాలు. అవి వెచ్చగా, లోతు తక్కువగా ఉండే సముద్రంలో పెరుగుతాయి. వాటికి ఎండ కావాలి.

జంతువుకు ఎండ ఎందుకు?

ఇక్కడే అసలు సంగతి ఉంది. పగడపు జీవి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురం ఉంటుంది. నాచు ఎండతో అన్నం వండుకుంటుంది, చెట్టు ఆకు చేసినట్టే. ఆ అన్నంలో ఎక్కువ భాగం పగడానికి పెడుతుంది. పగడం దానికి ఇల్లు ఇస్తుంది. ఒకరికొకరు తోడు. పగడానికి రంగు వచ్చేది కూడా ఎక్కువగా ఈ నాచు వల్లనే.

మన తీరంలో ఎందుకు లేవు?

గూడూరు నుంచి తూర్పుకు పోతే సముద్రం. కోట, వాకాడు దాటి పోతే తూపిలిపాలెం, దుగరాజపట్నం వస్తాయి. అక్కడ పగడపు దిబ్బలు కనిపించవు. ఎందుకని?

మన సముద్రంలో ఏరులు కలుస్తాయి. పైన పెన్న, ఇటు స్వర్ణముఖి. వానాకాలం వస్తే బురదనీళ్లు మోసుకొచ్చి పోస్తాయి. అడుగున ఇసుక, ఒండ్రు. నీళ్లు మబ్బుగా ఉంటాయి. ఎండ అడుగుకు దిగదు. పగడపు పిల్లకు గట్టి రాయి కావాలి. ఇసుకలో అది వేరూనలేదు. అందుకే ఇక్కడ దిబ్బలు లేవు.

మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు ముఖ్యంగా 4 చోట్ల ఉన్నాయి. తమిళనాడులో రామేశ్వరం, తూత్తుకుడి మధ్య ఉన్న మన్నార్ సింధుశాఖ ఒకటి. అండమాన్ నికోబార్ దీవులు రెండోది. లక్షద్వీప్ మూడోది. గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ నాలుగోది.

అండమాన్ మనకు పరాయి చోటు కాదు. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి పోయి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మన తీరానికి వచ్చే తుఫాన్లు కొన్ని ముందు ఆ దీవుల మీదుగానే వస్తాయి. 2013 నవంబరు 25న లెహర్ తుఫాను అండమాన్‌ను దాటింది. 3 రోజులకు, నవంబరు 28న, బలం తగ్గి మచిలీపట్నం దగ్గర మన తీరానికి చేరింది.

దిబ్బ ఉంటే ఏం లాభం?

మొదటి లాభం చేప. ప్రపంచంలోని సముద్రపు అడుగంతా లెక్క వేస్తే పగడపు దిబ్బలు ఉన్న చోటు నూటికి ఒక వంతు కూడా లేదు. కానీ సముద్రంలో ఉండే జీవుల రకాల్లో దాదాపు నాలుగో వంతు ఈ దిబ్బల్ని నమ్ముకుని బతుకుతున్నాయి. చేప అక్కడ గుడ్లు పెడుతుంది. పిల్లలు సందుల్లో దాక్కుని పెద్దవి అవుతాయి. తర్వాత బయటి నీళ్లలోకి పోతాయి. అంటే దిబ్బ చేపలకు పుట్టినిల్లు.

రెండో లాభం అడ్డు. మన ఊళ్లలో సముద్రం ఒడ్డున సర్వితోపులు వేశారు. గాలిని ఆపడానికే కదా! నీళ్లలో ఆ పని పగడపు దిబ్బ చేస్తుంది. పెద్ద అల వచ్చి దిబ్బకు తగిలి విరుగుతుంది. ఒడ్డుకు చేరేసరికి దాని జోరు చాలావరకు చచ్చిపోతుంది. ప్రపంచంలో చాలా చోట్ల కొలిచి చూశారు. అల బలంలో సగటున నూటికి 97 వంతులు దిబ్బ దగ్గరే తగ్గిపోతున్నదని తేలింది.

దిబ్బ పోతే ఒడ్డున ఉన్న గుడిసెకు కాపుదల పోయినట్టే.

గాలివాన వస్తే దిబ్బకు ఏమవుతుంది?

గాలివాన అంటే మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుఫాను తీరం దాటింది. 1989 నవంబరులో కావలి దగ్గర దాటింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర దాటింది. దాటకముందే నెల్లూరు తీరం పొడుగునా కుండపోత కురిసింది. చెట్లు కూలడం, పడవలు పగలడం, నిమ్మతోటలో నీళ్లు నిలవడం మనం చూసిందే.

మనం బంగాళాఖాతంలో వచ్చేదాన్ని తుఫాను అంటాం. అమెరికా వైపు సముద్రంలో వస్తే హరికేన్ అంటారు. జపాన్ వైపు వస్తే టైఫూన్ అంటారు. పేర్లు మూడు. పని ఒక్కటే.

ఆ పని నీళ్ల కింద కూడా జరుగుతుంది. పైన గాలి కొడుతుంటే అడుగున నీళ్లు కుదుపుతాయి. పెద్ద తుఫానులో ఆ కుదుపు 10, 15 మీటర్ల లోతు దాకా తెలుస్తుంది. కొమ్మల్లా పెరిగే పగడాలు పుల్లల్లా విరుగుతాయి. బండల్లాంటి పగడాలు పెళ్లగించుకుపోయి బోర్లా పడతాయి. విరిగిన ముక్కలు దొర్లి పక్కవాటిని కొడతాయి. ఇసుక లేచి బతికున్న వాటిని కప్పేస్తుంది. నదుల నుంచి వచ్చే మంచినీళ్లు, బురద కూడా వాటికి చెరుపే.

తుఫాను నేరుగా తగలక్కర్లేదు. 2011 మార్చిలో మయన్మార్ వైపు సముద్రంలో తుఫాను గాలి లేచింది. దూరంగా ఉన్న అండమాన్ రిచీస్ దీవుల దగ్గర కూడా అలల దెబ్బకు పగడాలు విరిగాయి. శాస్త్రవేత్తలు నీళ్లలో మునిగి, దెబ్బతిన్న చోట్లను కొలిచి రాశారు.

మునగకొమ్మ లాగే

మరి విరిగిన దిబ్బ చచ్చినట్టేనా? కాదు.

మునగచెట్టు గాలికి విరుగుతుంది. ఆ కొమ్మను తెచ్చి తడినేలలో పాతితే చిగురు వేస్తుంది. కొమ్మ పగడం కూడా అంతే. విరిగిన ముక్క గట్టి చోట చిక్కుకుని కదలకుండా ఉంటే అక్కడే అతుక్కుంటుంది. మళ్లీ కొమ్మలు వేస్తుంది. కానీ ముక్క అటూ ఇటూ దొర్లుతూ ఉంటే అతుక్కోదు. ఇసుకలో పూడినా చస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. పగడాలు గుడ్లు వదులుతాయి. చాలా రకాలు ఏడాదికి ఒకసారి, పున్నమి పోయిన కొద్ది రాత్రులకు, అన్నీ ఒక్కసారే వదులుతాయి. నీళ్లలో తెల్లగా, గులాబిగా పూసలు తేలినట్టు ఉంటుంది. ఆ గుడ్ల నుంచి పిల్లలు పుట్టి నీళ్లతో కొట్టుకుపోతాయి. శుభ్రమైన గట్టి రాయి దొరికితే దాని మీద కూర్చుంటాయి. అక్కడ కొత్త కాపురం మొదలు.

ఎన్నాళ్లు పడుతుంది? కొమ్మ పగడాలు తొందరగా పెరుగుతాయి. వాటిలో కొన్ని ఏడాదికి 10 సెంటీమీటర్లు, అంటే జానెడులో సగం పెరుగుతాయి. బండ పగడాలు చాలా నెమ్మది. ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. అందుకే దెబ్బతిన్న దిబ్బ తేరుకోవడానికి పదేళ్లు, పదిహేనేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆస్ట్రేలియాలో హెరాన్ దీవి దగ్గర 1963 నుంచి 30 ఏళ్లు అవే చోట్లను మళ్లీ మళ్లీ కొలిచారు. ఆ మధ్య తుఫాన్లు వచ్చాయి. కొన్ని చోట్ల పగడం పోయింది. కొన్నేళ్లకు మళ్లీ వచ్చింది.

తుఫాన్లు ఇవాళ పుట్టినవి కావు. పగడాలు అప్పటినుంచీ విరుగుతూనే ఉన్నాయి, చిగురిస్తూనే ఉన్నాయి.

జమైకాలో ఎందుకు చిగురించలేదు?

జమైకా అమెరికా ఖండం దగ్గర ఉన్న దీవి. 1980 ఆగస్టులో అక్కడ అలెన్ అనే పెద్ద హరికేన్ వచ్చింది. కొమ్మ పగడాలు నుగ్గునుగ్గయ్యాయి. మళ్లీ చిగురిస్తాయిలే అనుకున్నారు. కొత్త పగడపు పిల్లలు కనిపించాయి కూడా.

కానీ అక్కడ అప్పటికే ఇంకో తప్పు జరిగిపోయి ఉంది. చేపల్ని అడ్డూ ఆపూ లేకుండా పట్టేశారు. చిలకముక్కు చేప లాంటివి రాళ్ల మీది నాచును గీరి తింటాయి. అవి పోయాయి. ఇక నాచు తినడానికి ఒక్క జీవి మిగిలింది. నల్లగా, పొడుగాటి ముళ్లతో బంతిలా ఉండే జీవి అది. 1983లో ఆ ముళ్లబంతికి తెగులు వచ్చింది. దాదాపు అన్నీ చచ్చిపోయాయి.

ఇక నాచుకు అడ్డు లేదు. కలుపు పెరిగిన మడిలో నారు ఊపిరాడక పోయినట్టు, పగడపు పిల్లలు నాచు కింద పోయాయి. 1988లో గిల్బర్ట్ అనే ఇంకో హరికేన్ వచ్చింది. 1970ల చివర్లో అక్కడి దిబ్బల మీద సగానికి పైగా బతికున్న పగడం ఉండేది. 1990ల మొదటికి అది నూటికి 5 వంతుల కంటే తక్కువైంది.

ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. గాలివాన ఒక్కటే దిబ్బను చంపలేదు. గాలివాన పడగొట్టింది. తిరిగి లేవకుండా చేసింది మాత్రం ముందే పోయిన చేపలు. ఒంట్లో బలముంటే జ్వరం వచ్చినా మనిషి లేస్తుంది. బలం లేకపోతే చిన్న జ్వరానికే మంచం పడుతుంది. సముద్రమూ అంతే.

నీళ్ల కింద ఊపిరి ఎలా?

దెబ్బతిన్న దిబ్బను చూడాలన్నా, బాగు చేయాలన్నా నీళ్లలో మునగాలి. ఒక్క ఊపిరితో మనిషి ఎంతసేపు ఉండగలదు? నిమిషం, ఇంకాస్త. అందుకే గాలిని వెంట తీసుకుపోతారు. ఆ పద్ధతి పేరు స్కూబా.

1943లో ఫ్రాన్స్ దేశంలో కూస్తో, గన్యాన్ అనే ఇద్దరు దీనికి మంచి పరికరం తయారు చేశారు. వీపుకు ఒక ఇనుప సీసానో అల్యూమినియం సీసానో కట్టుకుంటారు. గ్యాస్ సిలిండరు లాంటిదే గానీ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అందులో మనం పీల్చే మామూలు గాలినే కుక్కి నింపుతారు. 12 లీటర్ల సీసాలో 2,400 లీటర్ల గాలి పడుతుంది. సీసా నుంచి ఒక గొట్టం నోటికి వస్తుంది. పీల్చినప్పుడే గాలి వస్తుంది, పీల్చకపోతే ఆగుతుంది. కళ్లకూ ముక్కుకూ కలిపి అద్దం. కాళ్లకు బాతుకాళ్ల లాంటి రబ్బరు రెక్కలు. లోతు తక్కువైతే ఒక సీసా ముప్పావు గంట, గంట వస్తుంది.

నీళ్లకు బరువుంది. 10 మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపు అవుతుంది. చెవులు నొప్పి పుడతాయి. ముక్కు పట్టుకుని మెల్లగా ఊదితే ఆ నొప్పి పోతుంది.

ఇందులో గట్టి నియమాలున్నాయి.

ఒకటి: ఊపిరి బిగబట్టకూడదు. పైకి వచ్చేకొద్దీ ఒంట్లోని గాలి ఉబ్బుతుంది. బిగబడితే ఊపిరితిత్తులు చిట్లుతాయి.

రెండు: గబగబా పైకి రాకూడదు. గోలీసోడా చూశారు కదా! గోలీ నొక్కగానే బుస్సుమని బుడగలు లేస్తాయి. అంతకుముందు ఆ గాలి నీళ్లలోనే కరిగి ఉంది. లోతులో మన నెత్తుట్లోనూ గాలి అట్లాగే కరుగుతుంది. ఒక్కసారిగా పైకొస్తే నెత్తుట్లో బుడగలు లేస్తాయి. కీళ్లు పట్టేస్తాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మెల్లగా వస్తే బుడగ లేవదు.

మూడు: ఒంటరిగా పోకూడదు. ఎప్పుడూ జతగా పోవాలి. మాట్లాడలేరు గనుక చేతి సైగలు నేర్చుకుంటారు. బొటనవేలు, చూపుడువేలు సున్నాలా కలిపితే బాగున్నానని అర్థం. బొటనవేలు పైకి చూపితే పైకి పోదామని అర్థం.

నాలుగు: పగడాన్ని ముట్టుకోకూడదు, దాని మీద నిలబడకూడదు. రబ్బరు రెక్క ఒక్కసారి తగిలితే పదేళ్ల పెంపు విరుగుతుంది. గాలివాన తర్వాత కోలుకుంటున్న దిబ్బ పచ్చి బాలింత లాంటిది.

గుండెజబ్బు ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు మునగకూడదు. నేర్పేవాళ్లు లేకుండా ఎవరూ దిగకూడదు. అండమాన్‌లో స్వరాజ్ ద్వీప్ దగ్గర ఇది నేర్పే చోట్లున్నాయి. ఆ దీవిని 2018 దాకా హావ్‌లాక్ అనేవాళ్లు. మన విశాఖపట్నంలో రుషికొండ దగ్గర కూడా స్కూబా నేర్పుతున్నారు.

ఇది మగవాళ్ల పనేనా?

కాదు. 1970లో సిల్వియా అర్ల్ అనే అమెరికా శాస్త్రవేత్త మరో నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని సముద్రం అడుగున కాపురం పెట్టింది. పగడపు దిబ్బ పక్కన, నీళ్ల కింద కట్టిన గదిలో 2 వారాలు ఉన్నారు. రోజూ బయటికి ఈది పోయి చేపల్నీ, నాచునూ చూసి రాసుకున్నారు. ఆడవాళ్లు అంత పని చేయలేరని అప్పట్లో చాలామంది అన్నారు. చేసి చూపించారు.

అంత దూరం పోనక్కర్లేదు. మన పక్క రాష్ట్రంలోనే ఉన్నారు. మన్నార్ సింధుశాఖలో, రామేశ్వరం వైపు పల్లెల ఆడవాళ్లు తరతరాలుగా సముద్రంలో మునిగి నాచు ఏరుతున్నారు. వాళ్లకు గాలి సీసాలు లేవు. కళ్లకు అద్దాలు, వేళ్లకు గుడ్డపేలికలు. ఒక్క ఊపిరితో మునిగి, రాళ్ల మీది నాచు తెంపి, సంచిలో వేసుకుంటారు. ఆ నాచు నుంచి అగర్ అనే జిగురు తీస్తారు. మిఠాయిల్లో, మందుల పరీక్షల్లో వాడతారు.

ఆ దీవుల చుట్టూ ఉన్న సముద్రాన్ని 1986లో ప్రభుత్వం జాతీయ పార్కుగా ప్రకటించింది. పోవద్దన్నారు. ఆడవాళ్లకు బతుకు పోయే పరిస్థితి వచ్చింది. వాళ్లు ఏం చేశారు? సంఘం కట్టారు. తమకు తామే కట్టుబాటు పెట్టుకున్నారు. నెలలో 12 రోజులే ఏరుతామన్నారు. పగడాల్ని విరిచే ఇనుప పనిముట్లు వాడమన్నారు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో పోమన్నారు.

ఆలోచించండి. మిగతా రోజుల కూలి వదులుకోవడం అంటే చిన్న సంగతా? అప్పులున్న ఇంట్లో అది ఎంత కష్టం! కానీ రోజూ ఏరితే నాచే మిగలదని వాళ్లకు తెలుసు. రేపటి కోసం ఇవాళ చెయ్యి ఆపారు. ఆ పల్లెల్లో ఒకటైన చిన్నపాలెం నుంచి లక్ష్మీ మూర్తి అనే ఆమెకు 2015లో దీవుల్ని కాపాడేవాళ్లకిచ్చే సీకాలజీ బహుమతి వచ్చింది.

విరిగిన దిబ్బకు కట్టు కట్టడం

మన్నార్ సింధుశాఖలో 21 దీవులుండేవి. ఒకప్పుడు అక్కడ పగడాన్ని పెళ్లగించి సున్నం కాల్చేవాళ్లు. ఇళ్లకు రాళ్లుగా వాడేవాళ్లు. పడవలకు పడవలు తోలారు. అడ్డు పోయింది. సముద్రం కోసుకుంటూ వచ్చింది. 2 దీవులు నీళ్లలో మునిగిపోయాయి.

2001లో దిబ్బ పగడాలను వన్యప్రాణుల రక్షణ చట్టంలో మొదటి వరసలో చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ వచ్చింది. తవ్వకం మెల్లగా ఆగింది. ఇప్పుడు పగడాన్ని విరిచినా, అమ్మినా, కొన్నా నేరం. యాత్రకు పోయినచోట ఎవరైనా తెల్ల పగడం కొమ్మ అమ్మజూపితే కొనకండి.

తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ వాళ్లు 2002 నుంచి పగడాల్ని నాటుతున్నారు. నీళ్లలో మునిగి, బతికున్న ముక్కల్ని తెచ్చి, సిమెంటు దిమ్మెలకు కట్టి, అడుగున పెడతారు. కదలకుండా ఉంటే అవి అతుక్కుని పెరుగుతాయి. మునగకొమ్మ పాతడమే ఇది, సముద్రంలో.

మెక్సికో దేశంలో ఇంకో పని చేశారు. పంటకు బీమా ఉన్నట్టు, 2019లో పగడపు దిబ్బకు బీమా చేశారు. గాలి ఇంత జోరు దాటితే ఇంత డబ్బు అని ముందే రాసుకున్నారు. 2020 అక్టోబరులో డెల్టా హరికేన్ వచ్చింది. బీమా డబ్బు వచ్చింది. ముందే శిక్షణ పొందిన స్థానికులు స్కూబా కట్టుకుని దిగారు. బోర్లాపడిన పగడాల్ని నిలబెట్టారు. వేలకొద్దీ విరిగిన ముక్కల్ని ప్రత్యేక సిమెంటుతో అతికించారు. ఆలస్యం చేస్తే ముక్క చస్తుంది. అందుకే ముందే మనుషులు, డబ్బు సిద్ధంగా ఉండాలి.

గాలివాన కంటే పెద్ద గండం

పగడానికి ఇప్పుడు అన్నిటికంటే పెద్ద గండం వేడి. సముద్రం మామూలు ఎండాకాలం కంటే ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కి, కొన్ని వారాలు అట్లాగే ఉంటే చాలు. పగడం తన ఒంట్లోని నాచును బయటికి తోసేస్తుంది. రంగు పోతుంది. సున్నం కొట్టినట్టు తెల్లబడుతుంది. తిండి పెట్టేది పోయింది గనుక ఆకలితో ఉంటుంది. తొందరగా చల్లబడితే బతుకుతుంది. లేకపోతే చస్తుంది. 2010లో, 2016లో మన దేశంలోనూ అట్లా జరిగింది. 2024 ఏప్రిల్‌లో ప్రపంచమంతటా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు ప్రకటించారు.

గాలివానకూ గాలివానకూ మధ్య పదేళ్లు దొరికితే దిబ్బ లేస్తుంది. ఆ మధ్యలోనే వేడి కొడితే లేచే తీరిక ఏది? బొగ్గు, పెట్రోలు, డీజిలు పొగ వల్ల ఈ వేడి పెరుగుతున్నది. ఇది ఒక్క ఊరు ఆపగలిగేది కాదు. కానీ తెలుసుకుని అడగడం మన హక్కు.

మన తీరంలో మనం

మన దగ్గర పగడపు దిబ్బ లేదు. అయినా ఈ పాఠం మనదే.

రాయి లేని చోట చేపకు ఇల్లు కట్టవచ్చు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సిమెంటుతో పెద్ద పెద్ద దిమ్మెలు చేయించి సముద్రంలో దించే పద్ధతిని నేర్పింది. మూడు పలకలవి కొన్ని, ఉంగరాల లాంటివి కొన్ని. కొన్నాళ్లకు వాటి మీద నాచు, చిప్పలు పడతాయి. తర్వాత చేపలు చేరతాయి. తీరపు రాష్ట్రాల్లో వీటిని దించుతున్నారు. మీ పల్లె దగ్గర ఉన్నాయా, ఎక్కడ దించారు అని మత్స్యశాఖ వాళ్లను అడగండి. వలలు వాటికి తగులుకోకుండా పడవలవాళ్లకు గుర్తులు తెలియాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం అది. ఆ రోజుల్లో ఇల్లు గడవడం కష్టమే. ప్రభుత్వం ఇచ్చే భృతి మీ ఇంటికి వస్తున్నదా? రాకపోతే సంఘంలో మాట్లాడండి. అర్జీ రాయండి. ఇప్పుడు మీకు రాయడం వచ్చు.

చిరిగిన నైలాను వలల్ని సముద్రంలో పారేయనీయకండి. అవి ఏళ్ల తరబడి చేపల్ని చంపుతూనే ఉంటాయి. ఒడ్డుకు తెచ్చి కుప్ప వేయించండి. వేలెడంత చేపపిల్లల్ని పట్టే సన్నకళ్ల వలలు వద్దని ఇంట్లో మగవాళ్లకు చెప్పండి. చేపను బుట్టలో పెట్టుకుని అమ్మేది మీరే. ఏడాదికేడాది చేప చిన్నదవుతుంటే అది మీ కంటికే ముందు తెలుస్తుంది.

సర్వితోపుల్నీ, ఇసుక దిబ్బల్నీ, పులికాట్ ఒడ్డు మడచెట్లనూ నరకనీయకండి. సముద్రంలో దిబ్బ లేని మనకు ఒడ్డున ఉన్న అడ్డు ఇదే.

పగడం పురుగంత జీవి. ఒక్కటిగా అది ఏమీ చేయలేదు. కోట్లు కలిసి అలను ఆపుతున్నాయి.

చదివి మాట్లాడుకోండి

1. పగడం రాయి కాదని ఎట్లా చెబుతారు?
2. జమైకాలో పగడం మళ్లీ ఎందుకు చిగురించలేదు?
3. నాచు ఏరే ఆడవాళ్లు నెలకు 12 రోజులే పోవాలని ఎందుకు కట్టుబాటు చేసుకున్నారు? మీరైతే ఏం చేసేవారు?
4. మీ చిన్నప్పుడు మీ ఊరి సముద్రంలో దొరికి, ఇప్పుడు దొరకని చేప ఏది? పెద్దవాళ్లను అడిగి రాయండి.
5. పోయిన గాలివానకు మీ ఊళ్లో ఏమేం పోయాయి? వాటిలో మళ్లీ చిగురించినవి ఏవి? కలిసి ఒక జాబితా రాయండి.